హెడ్‌ఫోన్ కుషన్లను విడిగా అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

2020లో బడులు మూతపడి పాఠాలన్నీ ఫోనులోకి చేరినప్పుడు మా మనవరాలి కోసం కావలిలో ఒక హెడ్‌ఫోన్ కొన్నాను. దాని స్పీకర్లు రెండూ నేటికీ స్పష్టంగా పలుకుతున్నాయి, తీగ ఎక్కడా తెగలేదు. చెవులకు ఆనే కుషన్ల మీది నల్ల రెక్సిన్ మాత్రం పొలుసులు పొలుసులుగా రాలి ఆ పిల్ల చెవులకూ, జుట్టుకూ, చివరకు దిండు గలీబులకూ అంటుకుంటున్నది. నెల్లూరుకు తీసుకువెళ్లి సర్వీసు కేంద్రంలో చూపిస్తే, కుషన్లు విడిగా రావనీ, కొత్తది కొనుక్కోవడమే మేలనీ చెప్పి పంపారు. కుక్కరు గాస్కెట్ సాగిపోయిందని కుక్కరునే తూకానికి వేసేవారిని నేనింతవరకు చూడలేదు.

రెక్సిన్ రాలడం చూసి, వస్తువును సరిగా వాడుకోవడం రాదని మొదట్లో మనవరాలిని కోప్పడ్డాను. సంగతి తెలిశాక నొచ్చుకున్నాను. ఈ కుషన్ల మీద మనం రెక్సిన్ అంటున్నది తోలు కాదు, చాలావరకు గుడ్డ మీద పూసిన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర. గాలిలోని తేమ, ఒంటి చెమట ఆ పొరలోని రసాయన బంధాలను కొద్దికొద్దిగా తెంచుతూ పోతాయి, ఎండ వేడికి ఆ పని మరింత త్వరగా జరుగుతుంది. అందువల్ల బీరువాలో భద్రంగా దాచిపెట్టిన హెడ్‌ఫోన్ సైతం కొన్నేళ్లకు పొట్టు రాలుస్తుంది. ఏడాది పొడవునా సముద్రపు గాలి తగిలే కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వంటి ఊళ్లలో ఇది జరుగుతుందని తయారుచేసేవారికి తెలియకపోదు.

చివరకు నా హెడ్‌ఫోన్‌ను బాగుచేసినది మోటారు సైకిళ్లకు సీటు కవర్లు కుట్టే ఒక పనివాడు. "సీట్లే కుడతా ఉండాం, దీనికి కుట్టలేమా సార్" అని ఆయన చేతిలోకి తీసుకున్నాడు. కుషన్ వెనుక అంచు, స్పీకరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రపు సందులోకి దోపి ఉన్నది. స్క్రూడ్రైవరు పెట్టకుండా వేలితోనే మెల్లగా లాగితే ఊడివచ్చింది. అన్నీ ఇలాగే ఉండవు, కొన్నింటిని జిగురు టేపుతో అంటిస్తారు, కొన్నింటికి లోపల ప్లాస్టిక్ కొక్కేలుంటాయి కనుక తొందరపడకూడదు. ఆయన పాత కుషన్ కుట్లు విప్పి, ఆ ముక్కలనే నమూనాగా పరచి కొత్త గుడ్డ కత్తిరించాడు. లోపలి స్పాంజి ఇంకా మెత్తగానే ఉండడంతో దానినే తిరిగి పెట్టాడు.

ఇక్కడ నా అతితెలివి ఒకటి చెప్పుకోవాలి. చెమట పీల్చుకుంటుంది గదా అని మొదట పలుచని నూలు గుడ్డతో కుట్టించాను. చెవికి హాయిగానే ఉన్నది, కానీ పాటలో మృదంగం ఎక్కడికో పోయింది. రెక్సిన్ చెవి చుట్టూ గాలి చొరకుండా మూసి ఉంచుతుంది, మంద్ర ధ్వనులు నిలవడానికి ఆ మూత అవసరం. నూలు గుడ్డ సందుల గుండా అవి జారిపోతాయి. కుషన్ మందం మారినా చెవికీ స్పీకరుకూ మధ్య దూరం మారి ధ్వని తేడాగా వినిపిస్తుంది. మళ్లీ వెళ్లి, పాత మందమే ఉండేలా మెత్తని రెక్సిన్‌తో కుట్టించుకున్నాను. రెండుసార్లకూ కలిపి ఆయన తీసుకున్నది నూట ఎనభై రూపాయలు.

అందరికీ ఇంత ఓపిక ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఆన్‌లైన్‌లో కుషన్లు దొరుకుతున్న మాట నిజమే గాని, కొలత తెలియనిదే ఏది కొనాలి? గుండ్రనివైతే అడ్డుకొలత, కోలగా ఉన్నవైతే పొడవు వెడల్పులు మిల్లీమీటర్లలో కావాలి. ఆ కొలతను అట్టపెట్టె మీద ముద్రించడానికి కంపెనీకి అయ్యే ఖర్చు ఏపాటిది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న, వస్తువుల మరమ్మతు వివరాలను ఒకచోట ఉంచే ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌ను (వెబ్‌సైటును) ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు మొదలైన ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోకి వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు, పాత సామాను రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి. పారేశాక ఏం చేయాలో చెప్పిన కేంద్ర ప్రభుత్వం, పారేయకుండా వాడుకునే దారిని కూడా తప్పనిసరి చేయాలి. అమ్మకం ఆపిన తరువాత కూడా కనీసం ఐదేళ్లపాటు కుషన్లను విడిగా అందుబాటులో ఉంచాలనీ, వాటి కొలతనూ ఊడదీసే పద్ధతినీ వాడక సూచనల కాగితంలోనే తెలుగులో ఇవ్వాలనీ నిబంధన పెట్టవలసిందిగా వినియోగదారుల వ్యవహారాల శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.