డబ్బులు రాలేదని జనాన్ని తిట్టుకోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

సేవా సంస్థలకి డొనేషన్లు రావట్లేదు, జనాల్లో జాలి చచ్చిపోయింది అని ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో తెగ రాస్తున్నారు. నాకు మాత్రం జనం కంటే అడిగే పద్ధతి మీదే అనుమానం, ఎందుకంటే ఏళ్ల తరబడి అదే కరపత్రం, అవే లక్షల లెక్కలు, డబ్బులు రాకపోతే "ఎవరికీ మనసు లేదు" అనేసి ఫైలు మూసెయ్యడం.

లెక్కలు చూసి మనసు కరగదండీ. 2007లో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు, సర్వే నింపినందుకు జనానికి 5 డాలర్లు ఇచ్చి ఇందులోంచి మీకు తోచింది ఆకలి బాధితులకి ఇవ్వండి అన్నారు. కొందరికి మాలి దేశంలో రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చెప్పారు, కొందరికి కరువు లెక్కలు, కొందరికి రెండూ కలిపి. పాప గురించి చదివినోళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, లెక్కలు చదివినోళ్లు 1.14, రెండూ చదివినోళ్లు 1.43. అంటే పాప కథకి లెక్కలు తోడైతే ఇంకా బలం వస్తుందనుకుంటాం కదా, ఉన్నది కాస్తా తగ్గింది!

ఇది చెప్తే చాలామంది ఇక్కడే ఆగిపోయి, అయితే ప్రతి అప్పీలు మీదా ఒక పాప ఫోటో వేసేద్దాం అంటారు (ఆ పిల్లలు పెద్దయ్యాక ఆ ఫోటో చూస్తే ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు, అది వేరే గొడవ). కానీ అదే పరిశోధనలో ఇంకో ముక్క ఉంది, మనుషులు ఇలా ఒక్కరికే ఎక్కువ కరుగుతారు అని ముందే వివరించి చెప్పి అడిగితే పాపకి ఇచ్చేది తగ్గింది, లెక్కల వైపు మాత్రం పెరగలేదు. అంటే సైకాలజీని ఒక కిటుకులా వాడితే, జనం ఆ కిటుకు కనిపెట్టిన రోజున ఉన్న విరాళం కూడా పోయే ప్రమాదం ఉందని నేను అనుకుంటున్నా.

అందుకే చేసిన పనిని మళ్లీ తిరగేసి చూసుకోవడం కావాలి. మనిషి అనుభవంతో ఎలా నేర్చుకుంటాడో వివరించిన విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పింది ఇదే, చెయ్యి, ఏం జరిగిందో చూడు, ఎందుకు జరిగిందో అర్థం చేసుకో, మార్చి మళ్లీ చెయ్యి. మన మీటింగుల్లో జరిగేదేంటి, టార్గెట్ ఎంత, వచ్చిందెంత, టీ తాగి లేవడం. పోయినేడు ఇచ్చినాయన ఈసారి ఎందుకు ఇవ్వలేదు అని ఆయన్నే అడిగినోళ్లు ఎంతమంది? రశీదు తప్ప ఆయనకి మన దగ్గర్నుంచి ఏం వెళ్లిందో అయినా చూసుకున్నామా?

అలా పరీక్షించి చూస్తే మన నమ్మకాలు కూడా తేలిపోతాయి. డీన్ కార్లాన్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 50,000 మందికి పైగా పాత దాతలకి ఉత్తరాలు పంపి చూశారు, మీరిచ్చినదానికి సమానంగా ఇంకో దాత కలుపుతారు అంటే విరాళాలు పెరిగాయి, రెండింతలు మూడింతలు కలుపుతారు అన్నా దానికి మించి పెరగలేదు. ఊహించి చెప్పగలిగే విషయం కాదది.

ఇంకోటి, డబ్బు అడిగే వాలంటీర్ల సంగతి ఎవరికీ పట్టదు. ఆడం గ్రాంట్ అనే సైకాలజిస్ట్ ఒక యూనివర్సిటీకి ఫోన్లలో విరాళాలు అడిగేవాళ్లని, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ వచ్చిన ఒక స్టూడెంట్‌తో కాసేపు మాట్లాడిస్తే, నెల తర్వాత వాళ్లు తెచ్చిన డబ్బు రెట్టింపు దాటింది. ట్రైనింగూ లేదు, కొత్త స్క్రిప్టూ లేదు, తాము చేసే పని ఎవరికి చేరుతోందో కళ్లారా చూశారంతే. మన దగ్గర వాలంటీర్‌కి రశీదు పుస్తకం చేతిలో పెట్టి పంపేస్తాం, రెండు నెలల్లో మానేస్తే బాధ్యత లేదంటాం.

మీకొక విన్నపం ఎడిటర్ గారూ. సంస్థల విజయగాథలు బాగానే వేస్తున్నారు, ఫ్లాప్ అయిన క్యాంపెయిన్ ఒకటి, తర్వాత వాళ్లు ఏం మార్చారో, ఆ మార్పుకి ఫలితం వచ్చిందో లేదో, అదీ అప్పుడప్పుడు వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు