పర్లాకిమిడి తెలుగు సంఘం వార్షిక నివేదిక: 2024-25 పండగలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 కార్తీకం నుంచి 2025 జూన్ వరకు సంఘం జరిపిన పండగల వివరాలు ఇవి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

మహేంద్రతనయ నదికి అవతల ఆంధ్రలో పాతపట్నం, ఇవతల ఒడిశాలో మన ఊరు. ఇక్కడ చాలా వీధుల్లో తెలుగిల్లూ ఒడియా ఇల్లూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అందుకే మన పండగలకు వాళ్లను పిలవాలని, వాళ్ల పండగల్లో మనమూ చెయ్యి వేయాలని కార్యవర్గం ఈసారి తీర్మానించింది.

నవంబరు 15న కార్తీక పున్నమి. తెల్లవారుజామునే మనవాళ్లు అరటి దొప్పల్లో దీపాలు వదిలితే, ఒడియావాళ్లు ఒకప్పటి సముద్ర వర్తకులను తలుచుకుని బొమ్మ పడవలు వదిలారు.

మార్గశిర లక్ష్మివారాల (గురువారాల లక్ష్మీపూజల) దగ్గర చిన్న చిక్కు వచ్చింది. ఒడియా లెక్కలో నెల పున్నమి మర్నాడు మొదలవుతుంది, మనకు అమావాస్య మర్నాడు. అంటే వాళ్ల మార్గశిరం మనకంటే ఓ పక్షం ముందే వచ్చేస్తుంది. రెండు లెక్కలూ కలిసిన డిసెంబరు 5, 12 తేదీల్లో ఉమ్మడి పూజ పెట్టుకున్నాం. వాకిట్లో మన ముగ్గు పక్కనే బియ్యప్పిండి తడిపి వేసిన ఝోటి, అందులో గడప లోపలికి నడిచొచ్చే లక్ష్మి పాదాలు. పారాయణలో శ్రియ కథ విన్నాం. ఊరు దూరం పెట్టిన ఆమె ఇంటికి లక్ష్మీదేవి వెళ్లిందని జగన్నాథుడూ బలభద్రుడూ అమ్మవారిని బయటికి పంపేస్తారు, ఆ తర్వాత అన్నం పుట్టక ఊరూరా తిరుగుతారు. ఈ కథ మన పిల్లలందరికీ తెలియాలి. వచ్చే ఏడాది తెలుగులో కూడా చెప్పిద్దాం.

సంక్రాంతికి ఆ గొడవ లేదు. సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ కనుక జనవరి 14 ఇద్దరికీ ఒకటే. ముందురోజు భోగి మంటలో పిడకల దండలు వేసి, పిల్లలకు రేగుపళ్లు పోశాం. పండగనాడు పొరుగువాళ్లు కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరి, అరటిపండు కలిపిన మకర చావుళ పంచారు. మన అరిసెలు వాళ్లిళ్లకు వెళ్లాయి. పెద్దలకు బట్టలు పెట్టుకోవడం ఎవరింట్లో వాళ్లు చేసుకున్నారు.

వేసవిలో కొత్త సంవత్సరం రెండుసార్లు వచ్చింది. మార్చి 30న విశ్వావసు ఉగాది: పచ్చడి, పంచాంగ శ్రవణం. ఏప్రిల్ 14న ఒడియావాళ్ల పణా సంక్రాంతి. ఈ రెండింటి మధ్య మన చలివేంద్రం నడిచింది. శ్రీరామనవమికి మిరియాలు దంచి వేసిన బెల్లం పానకం, పణా సంక్రాంతికి మారేడు గుజ్జు పిసికి చేసిన బేల పణా పోశాం. రెండూ ఎండకు మంచివే. తులసమ్మ మీద చిల్లు కుండ కట్టి చుక్కచుక్కగా నీళ్లు పడేలా చేసే వాళ్ల ఆచారాన్ని మనవాళ్లూ కొందరు ఇళ్లలో మొదలుపెట్టారు. చాలా సంతోషం.

ఈ ఏడాది నాకు అన్నిటికంటే నచ్చినది జూన్. 11న ఏరువాక పున్నమి. ఎద్దులను కడిగి, బొట్లు పెట్టి, నాగలికి పూజ చేసి మన రైతులు తొలి చాలు దున్నారు. 14 నుంచి 16 వరకు రజ పండగ. ఆ మూడు రోజులూ భూమాత బహిష్టు అయిందని నమ్మి, ఒడియా రైతులు నేల దున్నరు, ఆడవాళ్లకు ఇంటి పనులు చెప్పరు. మన రైతు సభ్యులు కూడా నాగళ్లు పక్కన పెట్టారు. ఎవరూ అడగలేదు, వాళ్లంతట వాళ్లే చేశారు. సంఘం తరఫున ఉయ్యాలలు కట్టించాం. ఆడపిల్లలంతా సాయంత్రం దాకా ఊగారు. రజకు బియ్యం, మినప్పప్పు రుబ్బి కాల్చే పోడ పిఠా మాత్రం అందరికీ చాలలేదు. ఈసారి మినప్పప్పు ఎక్కువ నానబోయించాలి.

2026లో ఉగాది మార్చి 19నే వస్తోంది. పణా సంక్రాంతి మాత్రం ఏప్రిల్ 14నే. ఆ లెక్కన చలివేంద్రం ఈసారి 27 రోజులు నడపాలి. కుండలు ఇవ్వగలవారు, పూటకొకరు చొప్పున కూర్చోగలవారు మాఘమాసం లోపు కార్యదర్శికి పేర్లు చెప్పండి.