ఉగాది దాకా ఆగితే పిట్ట కనబడదు

తెలంగాణ అటవీశాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ కేబీఆర్ జాతీయ పార్కులో ఫిబ్రవరి మధ్య నుంచి ఆరు ఆదివారాలు గైడుతో పక్షుల నడక పెట్టించండి. పండగ వెళ్లాక చూద్దాంలే అంటే కుదరదు. ఆకు రాలిన కొమ్మ మీద పిట్ట విడిగా కనబడేది ఈ కొద్ది వారాలే. చిగురు గుబురు కట్టిందంటే కూత వినిపిస్తుంది, పిట్ట కనిపించదు. చలికాలానికి మధ్య ఆసియా నుంచి వచ్చిన గులాబీ రంగు గోరింకలు కూడా ఏప్రిల్‌ వచ్చేసరికి తిరుగుముఖం పడతాయి.

గైడు ఒక్కరికి పన్నెండు మంది చాలు. అంతకు మించితే వెనకున్నవాళ్లకు ఎగిరిపోయిన పిట్ట కబురే అందుతుంది. ఉదయం 6.30కి మొదలుపెట్టి 8.30కి ముగించాలి. ఆ రెండు గంటల్లో కిలోమీటరున్నర నడిస్తే ఎక్కువే.

బైనాక్యులర్లు ఇద్దరికొకటి చొప్పున ఆరు కావాలి, 8×42 రకం (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.). 10 రెట్లవి కొంటే కొత్తవాళ్ల చేతి వణుకు కూడా పది రెట్లు కనబడుతుంది. మొదటి పది నిమిషాలు వీటికే కేటాయించాలి: కుడి కన్ను మూసి మధ్య చక్రం తిప్పి సరిచేసుకోవాలి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి గొట్టం మీది రింగు తిప్పాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు కిందికి దించుకోవాలి. ఇదేమీ చెప్పకుండా చేతికిస్తే, మసగ్గా ఉందని మెడలో వేలాడేసుకుని తిరుగుతారు.

కంసాలి పిట్టనే తీసుకోండి. ఎర్ర నుదురు, పసుపు గొంతు, పిచ్చుక కంటే కాస్త పెద్దది. తల అటూ ఇటూ తిప్పుతూ టుక్కు టుక్కుమంటుంది కాబట్టి ఒక్కోసారి ఒక్కో చెట్టు నుంచి కూసినట్టుంటుంది. గైడు ఆ శబ్దం వెంట పోకుండా, పొద్దుటి ఎండ పడిన చిటారు కొమ్మలను చూపించాలి. ఇదే పిట్ట ఎండుకొమ్మను అడుగు వైపు నుంచి తొలిచి గూడు పెడుతుంది. బాట మీద పడే ప్రమాదం లేని ఎండుకొమ్మలను నరకనివ్వకండి.

ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించడం పూర్తిగా మాన్పించాలి. జతకట్టే రోజులివి. పోటీగా మరో మగపక్షి వచ్చిందనుకుని మేత మానేసి తగువుకొస్తుంది. జనాన్ని మెప్పించాలని గైడ్లకే ఈ యావ ఎక్కువ.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా జనం పక్షులను లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది. మొదటి నడక ఆ ఆదివారమే పెడితే చూసిన పిట్టల జాబితాను ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటులో) ఎక్కించవచ్చు. ఉత్తర్వు మాత్రం జనవరిలోనే రావాలి. గైడ్లు ముందుగా బాట చూసుకోవడానికి రెండు ఆదివారాలైనా పడుతుంది.

ఇట్లు,
పార్కులో పక్షులను చూసే కొందరు