ఫైర్ బండిలో ప్రాణం నిలబెట్టేవాళ్లు కూడా ఉండాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మేం సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటాం. పోయిన ఎండాకాలం అమ్మా నాన్నా వచ్చారు, ఒక రోజు పొద్దున్నే నాన్నకి చెమటలు పట్టేసి గుండెల మీద బరువు పెట్టినట్టుందన్నారు, వెంటనే 911కి ఫోన్ చేశాను, చూస్తే ఇంటి ముందు ఫైర్ ఇంజన్ ఆగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "అంబులెన్స్ కదే పిలిచావు, మంటల బండి వచ్చిందేంటే" అని ఏడుపు మొదలెట్టింది. దిగినాయన బూట్లతోనే వచ్చి సోఫా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, నాన్న చొక్కా గుండీలు విప్పి బీపీ చూస్తూ ఎప్పట్నుంచి నొప్పి, చెయ్యి లాగుతోందా అని నా చేత తెలుగులో అడిగించాడు. ఇంతలో మెడిక్ వన్ అనే అంబులెన్స్ బండిలో, వీళ్లకంటే ఎక్కువ ట్రైనింగ్ అయిన ఇద్దరు పారామెడిక్‌లు వచ్చి మా హాల్లోనే ఈసీజీ తీసి, ఐవీ పెట్టి తీసుకెళ్లారు. నాన్న ఇప్పుడు బందరులో రోజూ వాకింగ్‌కి వెళ్తున్నారు.

ఈ మెడిక్ వన్ సియాటెల్‌లో 1970లో మొదలైంది, ఫైర్ చీఫ్ గోర్డన్ వికెరీ, హార్బర్‌వ్యూ హాస్పిటల్ డాక్టర్ లియొనార్డ్ కాబ్ కలిసి పెట్టారు. మంటలార్పేవాళ్లకే ఈఎంటీ ట్రైనింగ్, అంటే ఎమర్జెన్సీలో ముందుగా చేసే వైద్యంలో ట్రైనింగ్ ఉంటుంది, ఫైర్ స్టేషన్ దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి ముందు వాళ్లొచ్చి సీపీఆర్, గుండెకి షాక్ ఇవ్వడం లాంటివి మొదలుపెట్టేస్తారు. పారామెడిక్‌లు మాత్రం తక్కువమందే, కానీ బండికి ఇద్దరు. ప్రతి ఫైర్ ఇంజన్‌లో ఒక పారామెడిక్ ఉంటే ఇంకా మంచిది కదా అని నేనూ అనుకున్నా, కానీ గొంతులో ట్యూబ్ వేసే పని ఎప్పుడో ఒకసారి తగిలితే ఎవరికీ చెయ్యి తిరగదు, తక్కువమంది ఉంటేనే సీరియస్ కేసులన్నీ వాళ్ల చేతుల మీదుగా వెళ్తాయి. దీనికి డబ్బు ప్రాపర్టీ టాక్స్‌లో విడిగా కడతాం, జనం ఓటేసి ఒప్పుకున్నదే.

మనకి 2005 ఆగస్టు 15న 108 వచ్చింది, ఎన్ని ప్రాణాలు కాపాడిందో అందరికీ తెలుసు. కానీ ఫైర్ వాళ్ల 101 పని వేరు, అంబులెన్స్ వాళ్ల 108 పని వేరు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు, ఉద్యోగానికని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, పొగకి ఊపిరాడక పోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర మంటల్లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు, అందులో చిన్నపిల్లలు కూడా. ప్రాణాలకి తెగించి పొగలోంచి మనిషిని మోసుకొచ్చిన ఫైర్‌మ్యాన్ ఆ మనిషిని రోడ్డు మీద పడుకోబెట్టి అంబులెన్స్ ఎటు నుంచి వస్తుందా అని చూడాల్సి వస్తే ఎలా అండీ, ఊపిరి ఆగిన నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది కదా.

కొత్తగా ఫైర్‌లో చేరేవాళ్లందరికీ ఈఎంటీ ట్రైనింగ్ ఇవ్వండి, ప్రతి బండిలో ఆక్సిజన్ సిలిండర్, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్, గుండెకి షాక్ ఇచ్చే మెషీన్ పెట్టండి, పెద్ద స్టేషన్లలో ఒక 108 బండిని పారామెడిక్‌తో సహా ఉంచండి. అయితే ఉన్నవాళ్ల నెత్తిన ఇంకో పని రుద్దితే కుదరదు, పోస్టులు పెంచాలి, దానికి తగ్గ జీతం ఇవ్వాలి. ఆంధ్ర, తెలంగాణ రెండు ప్రభుత్వాలనీ చేతులెత్తి అడుగుతున్నా.

బందరులో మా ఇంటి నుంచి ఫైర్ స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు. రేపు నాన్నకి మళ్లీ అలా వస్తే ఆ బండి కదలదు.

మీ పాఠకురాలు,
బెల్‌వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం