రాయి ముందా, లాఠీ ముందా: నెగటివ్‌ల వరుస తేల్చిపెట్టిన వాళ్లకు నమస్సులు

1969 తెలంగాణ ఉద్యమ కాలంలో ఉస్మానియా విద్యార్థులు క్యాంపస్‌లోనూ, నగరం వీధుల్లోనూ తీసిన నెగటివ్‌ల స్కానింగ్ పూర్తయింది. యాభై లోపు రోల్స్. ఎక్కువ 35 మి.మీ. ఫిల్ము, కొన్ని 120 అనే వెడల్పాటి సైజువి. సాయం చేసిన వాళ్లలో ఒక్కరూ పేరు వేయడానికి ఒప్పుకోలేదు. అందుకని పేర్లు లేకుండానే, ఎవరి చెయ్యి ఏ పనిలో పడిందో రాస్తున్నాం. ఇలాంటి పెట్టె ఇంట్లో ఉన్న వాళ్లకు వివరాలు పనికొస్తాయి, మెప్పుదల మాటలు ఎటూ పనికిరావు.

మొదటి దండం డార్క్‌రూమ్ పెద్దాయనకు. ఒక రోల్‌లో రాళ్లు పడ్డ ఫ్రేమూ ఉంది, లాఠీలు లేచిన ఫ్రేమూ ఉంది. ఫిల్ము అంచున ముద్రించిన అంకెల్ని బట్టి రాళ్లే ముందని మేం శీర్షిక రాసేశాం. ఆయన స్ట్రిప్‌ను, అంటే కొన్ని ఫ్రేములకు ఒకటిగా కోసిన ఫిల్ము ముక్కను, కిటికీ వెలుగుకు పట్టి, "అంకెలు తలకిందులుగా ఉన్నాయి, చూడలేదా?" అన్నారు. అంతే, శీర్షిక మొత్తం తిరగబడింది. లాఠీ ముందు, రాయి తరువాత. యాభై ఏళ్లుగా రెండు వర్గాలు వాదించుకుంటున్న సంగతి అలాంటి ఒక అంకె దగ్గర తేలుతుందంటే, ఆ అంకె చదవడం రాకుండా శీర్షికలు రాయడం ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. దాదాపు అన్ని 35 మి.మీ. కెమెరాల్లో క్యాసెట్ (ఫిల్ము చుట్టి ఉండే చిన్న డబ్బా) ఎడమ వైపు ఉంటుంది, ఫిల్ము కుడికి చుట్టుకుంటుంది. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది. ఈ రెండూ కలిస్తే వచ్చే లెక్క: నెగటివ్ మెరిసే వైపు మన ముఖానికి పెట్టుకుని, బొమ్మలు నిటారుగా ఉండేలా పట్టుకుంటే, ఎడమ నుంచి కుడికి ఉన్నదే తీసిన వరుస. అంచు అంకెలతో పనే లేదు. నిలువుగా తీసిన ఫ్రేములు అడ్డం వస్తే, అదే స్ట్రిప్‌లో అడ్డంగా తీసిన ఫ్రేమును ఆధారం చేసుకోవాలి. ఒకే షరతు, క్యాసెట్ కుడివైపు పెట్టే అరుదైన కెమెరా కాకూడదు.

మరి అంకెలు ఎందుకు మోసం చేశాయి? ఆ రోజుల్లో విద్యార్థి దగ్గర కొత్త రోల్ కొనే డబ్బులెక్కడివి. వంద అడుగుల చుట్ట తెచ్చి, చీకట్లో వాడేసిన క్యాసెట్లలోకి తామే చుట్టుకునేవాళ్లు. ఒక చుట్టకు 36 ఫ్రేముల రోల్స్ పద్దెనిమిది దాకా వస్తాయి. ఇలా చుట్టినప్పుడు ఏ కొస ముందు లోపలికి వెళ్లిందన్నదాన్ని బట్టి ఫిల్ము కెమెరాలోకి తిరగేసి వెళ్లవచ్చు. అప్పుడు అంచు అక్షరాలు బొమ్మతో పోలిస్తే తలకిందులవుతాయి, అంకెలు ఎడమ నుంచి కుడికి తగ్గుతూ పోతాయి. ఫ్యాక్టరీ రోల్‌లో రెండూ నిటారుగానే ఉంటాయి, అంకెలు పెరుగుతాయి. ఇంకో చిక్కు, చుట్ట మధ్యలో కోసిన ముక్క 1తో మొదలవదు. ఏ 17తోనో, 30తోనో మొదలవుతుంది. "ఫ్రేము 1 అంటే మొదటి ఫొటో" అనుకోవడం ఇలాంటి రోల్‌లో శుద్ధ తప్పు.

కోసిన స్ట్రిప్పులు కలిసిపోయినప్పుడు ఏది దేని పక్కదో తేల్చింది కూడా ఆయనే, గీతలతో. పదేపదే వాడిన క్యాసెట్ నోటి దగ్గరి మఖమల్ పట్టీలో ఇసుక రేణువు ఇరుక్కుంటే, ఫిల్ము పొడవునా రైలు పట్టాలా సన్నటి గీత పడుతుంది. ఆ గీత ఒక స్ట్రిప్ చివర ఏ ఎత్తులో ఆగిందో, దాని తరువాతి స్ట్రిప్ మొదట్లో అదే ఎత్తులో ఉంటుంది. పక్కపక్కన పెడితే రాగి తీగలా అతుక్కుంటుంది. మెరిసే వైపున పడిన గీత ప్రింట్‌లో తెల్లగా వస్తుంది, ఎందుకంటే అది వెలుగును చెదరగొడుతుంది. మసక వైపున, అంటే బొమ్మను మోసే వెండి పొర ఉన్న వైపున పడిన గీత ఆ వెండిని గీకేస్తుంది కాబట్టి నల్లగా వస్తుంది. తెల్లగీతకు పాత డార్క్‌రూమ్‌ల్లో ఒక నాటు వైద్యం ఉండేది: ముక్కు పక్కన వేలు రాసి ఆ జిడ్డును గీత మీద పల్చగా అద్దడం. నవ్వకండి, పనిచేస్తుంది. పాడైన నెగటివ్‌ల మీద మాత్రం చేయకండి.

అందుకే మేం దాచే అసలు స్కాన్‌లో ఒక్క గీతా చెరపలేదు. కెంట్ స్టేట్ యూనివర్సిటీ సంగతి చాలామందికి తెలుసు: 1970 మే 4న అమెరికాలోని ఒహాయోలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. నేల మీద పడి ఉన్న విద్యార్థి పక్కన మోకాళ్ల మీద కూర్చుని అరుస్తున్న అమ్మాయిని ఫొటో తీసింది అక్కడే చదువుతున్న జాన్ ఫైలో. మరుసటి ఏడాది ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయి తల వెనక నిలబడ్డ కంచె గుంజను తరువాత ఎవరో చెరిపేశారు, చెరిపిన ప్రతే పత్రికల్లో ఏళ్ల తరబడి తిరిగింది. దాంతో అర్థమేమీ మారలేదనుకోండి. కానీ చెరపడం ఒకసారి మొదలయ్యాక ఆగేదెక్కడ?

రెండో దండం పాతబస్తీ చాచాకు. స్కానింగ్‌కు మేం వాడింది కెమెరానే. దాంతో నెగటివ్‌ను మసక వైపు నుంచి తీస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది, కంప్యూటర్‌లో అడ్డంగా తిప్పాలి. మూడు రోల్స్‌కు తిప్పడం మర్చిపోయాం. తెలుగు బోర్డుంటే వెంటనే కనిపెట్టేవాళ్లం. ఆ ఫ్రేముల్లో ఉన్నవి ఉర్దూ బోర్డులు, మాకు చదవడం రాదు. చాచా ఒక్క చూపులో, "ఇది అద్దంలో ఉర్దూ, బేటా" అన్నారు. బొమ్మ తిరగబడితే ఎడమ కుడవుతుంది, స్ట్రిప్ వరుస కూడా తిరగబడుతుంది, పైన చెప్పిన లెక్కంతా ఆవిరైపోతుంది. అప్పటినుంచి మా నియమం ఒకటే: ఫ్రేములు విడివిడిగా తీసే ముందు, అంచులూ రంధ్రాలూ కనిపించేలా మొత్తం స్ట్రిప్పుల్ని లైట్ మీద పరిచి ఒక ఫొటో. అంచు అక్షరాలు తిన్నగా చదవగలిగితేనే ముందుకు.

స్కానింగ్ చేసిపెట్టిన తమ్ముడి పద్ధతి పొట్టిగా: 24 మెగాపిక్సెళ్ల కెమెరా, దగ్గరి వస్తువును అసలు సైజులో పట్టే 1:1 మాక్రో లెన్స్, లెన్సు రంధ్రం ఎఫ్8, వెలుగు సున్నితత్వం ఐఎస్ఓ 100, కిందికి చూసే స్టాండు. ఫిల్ము ఉండే చోట చిన్న అద్దం పెట్టి, అందులో లెన్సు తన ప్రతిబింబం సరిగ్గా మధ్యలో చూసుకుంటే కెమెరా, ఫిల్ము సమాంతరంగా ఉన్నట్టు. ఎల్‌ఈడీ పలకకూ ఫిల్ముకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం, లేకపోతే పలక మీది దుమ్ము కూడా ఫోకస్‌లోకి వస్తుంది. ఫ్రేము చుట్టూ నల్ల కాగితం కట్టకపోతే పక్క వెలుగు లెన్సులోకి చిమ్మి బొమ్మ చప్పబడుతుంది. ఎక్స్‌పోజర్ రోల్ అంతటికీ ఒకటే, మాన్యువల్‌లో. స్కానర్ వాడే వాళ్లు దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఆపేయండి. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి యంత్రం బొమ్మనే దుమ్మనుకుని తుడిచేస్తుంది.

బూజు పట్టిన రోల్స్ మేం నీళ్లలో కడగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపిన కెమిస్ట్రీ మేడంకు ఎంత చెప్పినా తక్కువే. బూజు బొమ్మ పొరలోని జెలటిన్‌ను తినేసి నీళ్లలో కరిగేలా చేస్తుంది. తడి తగిలితే బొమ్మ పొరతో సహా జారిపోతుంది. పొడి మెత్తటి కుంచె, దాంతో పోనిదానికి నీళ్లు దాదాపు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో, మెరిసే వైపు మాత్రమే. పులిసిన వాసన వస్తున్న డబ్బాలు వేరే గదిలో పెట్టించింది కూడా ఆమే. ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము లోలోపల పాడవుతున్నప్పుడు వెనిగర్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆవిరే పక్క రోల్‌ను త్వరగా పాడుచేస్తుంది. 21 డిగ్రీల చల్లదనంలో, గాలిలో 50 శాతం తేమలో ఉంచినా ఇలాంటి ఫిల్ము వాసన మొదలయ్యేది సుమారు నలభై ఏళ్లకు. మన మే ఎండల్లో బీరువా పైన పెట్టినది అంతకు ముందే. ఫ్రిజ్‌లో దాచేవాళ్లు రెండు జిప్ కవర్లలో పెట్టండి. బయటికి తీశాక రాత్రంతా వదిలేసి మర్నాడు విప్పండి, లేదంటే ఫిల్ము మీద చెమట పడుతుంది.

తేదీల విషయంలో తోడ్పడ్డవాళ్లు చాలామంది. గోడ మీద సినిమా పోస్టరు ఉంటే ఆ సినిమా ప్రచారం మొదలవక ముందు తీసింది కాదు. గన్ పార్కు స్తూపం (1969 ఉద్యమంలో చనిపోయిన వాళ్ల స్మారకం) కనిపించే ఫ్రేములు నాలుగింటిని 1969 అని మేం రాసుకున్నాం. స్తూపానికి శంకుస్థాపనే 1970లో జరిగిందని, ఎక్కా యాదగిరి రావు దాన్ని చెక్కి పూర్తిచేసేసరికి 1975 వచ్చిందని ఒక రిటైర్డ్ లెక్చరర్ సార్ గుర్తుచేశారు. ఆ నాలుగూ వేరే కవర్లోకి వెళ్లాయి. 2009–11 మలి ఉద్యమం నాటి ఫొటోలు పంపిన తమ్ముళ్లకు ఒక్క మాట: వాట్సాప్‌లో తిరిగిన ఫొటోలో తీసిన సమయం మిగలదు. మెమరీ కార్డులోంచి తీసిన అసలు ఫైలే పంపండి, కెమెరా గడియారం ఎంత తేడాగా ఉండేదో గుర్తుంటే అదీ రాయండి.

తెలుగు శీర్షికలు ఫైల్లోకి ఎక్కించడంలో సాయపడ్డ సాఫ్ట్‌వేర్ అక్కకు ప్రత్యేకంగా. నెగటివ్‌ను ఇప్పటి కెమెరాతో తీశాం కాబట్టి ఫైల్లో స్కాన్ చేసిన రోజు తేదీ పడుతుంది. దాన్ని మార్చకపోతే 1969 ఊరేగింపు ఈ ఏటి ఆల్బంలో తేలుతుంది. ఇంకోటి, ఫొటో ఫైల్లోనే శీర్షికా పేరూ రాసుకునే పాత ఐపీటీసీ గడుల్లో, అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 కోడ్ అని ప్రకటించకుండా తెలుగు రాస్తే పెట్టెలూ ప్రశ్నార్థకాలూ కనిపిస్తాయి. ప్రకటించినా ఫొటో తీసినవాళ్ల పేరు గడికి 32 బైట్లే. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు, ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్క. కాబట్టి పదో గుర్తు దగ్గర పేరు తెగిపోతుంది. ఎవరి పేరైతే నిలపాలని ఈ పనంతా చేశామో అదే సగానికి తెగితే ఏం లాభం? ఐపీటీసీ తరువాత వచ్చిన ఎక్స్‌ఎంపీ గడిలో ఆ హద్దు లేదు, పూర్తి పేరు అక్కడ.

హక్కుల సంగతి చూసిన వకీలు మేడంకు వందనాలు. నెగటివ్ చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైటు మనది కాదు. పత్రికలో ఉద్యోగిగానో, ఒకరు డబ్బిచ్చి తీయమంటేనో కాక తనకు తానుగా తీసిన విద్యార్థిదే ఆ హక్కు. తీసినవాళ్లు బతికుండగా అచ్చయిన ఫొటోకు ఆ హక్కు వాళ్ల జీవితకాలమంతా, వాళ్లు పోయిన మరుసటి ఏటి జనవరి నుంచి ఇంకో 60 ఏళ్లు. బతికున్న ప్రతి ఒక్కరి దగ్గరా, లేని వాళ్ల పిల్లల దగ్గరా కాగితం మీద సంతకం తీసుకోమని పట్టుబట్టి, నమూనా తానే రాసిచ్చారు.

చివరిది, నిజానికి మొదట చెప్పాల్సింది: ఇన్నేళ్లూ ఈ రోల్స్‌ను బిస్కెట్ డబ్బాలో, పట్టుచీరల మధ్య దాచిన అమ్మకు. ఆమె లేకపోతే పైన రాసిన వాళ్లెవరికీ పనే లేదు. నెగటివ్‌లన్నీ ఒక్కో స్ట్రిప్ ఒక్కో కాగితం కవర్లో, పైన పెన్సిల్‌తో వరుస అంకె వేసి, అట్టపెట్టెలో ఆమెకే తిరిగి ఇచ్చేశాం. పాత డబ్బాలో గోధుమపిండి పోసుకోమన్నాం. కొత్త పెట్టెకు రెండు పక్కలా వేలు పట్టేంత చిల్లులున్నాయి, గాలి ఆడటానికి. వాటికి గుడ్డ కుక్కొద్దమ్మా.