చంద్రగిరి కోట చూపించే చిన్నాయనకు బెర్లిన్ నుంచి

పూజ్యులు చిన్నాయన గారికి నమస్కారములు.

మేమిక్కడ క్షేమంగా ఉన్నాము. మీరూ, చిన్నమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉద్యోగ విరమణ తరువాత మీరు ఆదివారాలలో బడి పిల్లలను చంద్రగిరి కోటకు తీసుకువెళ్లి దగ్గరుండి చూపిస్తున్నారని నాయన ఫోనులో చెప్పినప్పటి నుంచి మీకు వివరంగా రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ఈ వసంతంలో మేము ఒక బృందంతో కలిసి టర్కీ పడమటి ప్రాంతంలోని ప్రాచీన నగరాలు చూసి వచ్చాము. అక్కడి శిథిలాలు ఎంత గొప్పవో, వాటిని మాకు చూపించిన పద్ధతి కూడా అంత గొప్పది. అది మీకు పనికివస్తుందన్న నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ దేశంలో గైడుగా పనిచేయాలంటే ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. మా గైడు పురావస్తు శాస్త్రం చదువుకున్న నడివయసు స్త్రీ. బృందంలో అందరికీ చెవికి పెట్టుకునే చిన్న రిసీవర్లు ఇచ్చారు గనుక ఆమె ఎక్కడా గొంతు పెంచవలసిన అవసరం రాలేదు. ఏ కట్టడం దగ్గర ఆగినా ఆమె రాజుల పేర్లతో మొదలుపెట్టేది కాదు. ముందు మమ్మల్ని కాసేపు ఊరికే చూడమనేది, తరువాత "ఇక్కడ నిలబడిన మనిషి ఏ పని మీద వచ్చి ఉంటాడు?" అని అడిగేది. మా జవాబులన్నీ ఓపికగా విన్నాకే తాను చెప్పవలసింది చెప్పేది.

ఈ పద్ధతి విలువ నాకు పెర్గమాన్‌లో బాగా తెలిసింది. అక్కడ నిటారైన కొండవాలును తొలిచి, సుమారు పదివేల మంది కూర్చునేలా కట్టిన రంగశాల ఉంది. పై మెట్టు నుంచి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. మేమంతా మెట్ల ఫొటోలు తీసుకుంటూ ఉంటే ఆమె మమ్మల్ని కిందికి దింపి, నేల మీద పరచిన రాళ్లలో వరుసగా తొలిచి ఉన్న చదరపు గుంటలను చూపించింది. నేను వంగి ఒకదానిలో చెయ్యి పెట్టి చూశాను. అంచులు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి. అవి నాటకాల రోజులలో కొయ్య స్తంభాలు నిలబెట్టడానికి చేసిన గుంటలట. ఆ అరుగు మీదుగానే డయొనీసస్ దేవుని గుడికి దారి. రాతితో వేదిక కట్టేస్తే ఆ దారి మూసుకుపోతుంది గనుక, నాటకం ఉన్నప్పుడు కొయ్య వేదిక బిగించి, అయిపోగానే విప్పి తీసేసేవారు. గుడికి పోయే భక్తులకూ నాటకం చూసే జనానికీ ఒకే చోటును సర్దిన ఆ యుక్తి, ఆ గుంటలు చూసిన తరువాత ఎవరికైనా గుర్తుండిపోతుంది. ఆ కొండ మీది కోటకు నీళ్లు ఎక్కడివని కూడా ఆమె మమ్మల్నే అడిగింది. 42 కిలోమీటర్ల దూరంలోని కొండల నుంచి గొట్టాలలో తెచ్చి, చివరి లోయను సీసపు గొట్టాలతో దాటించి, ఆ ఒత్తిడితోనే నీటిని తిరిగి కొండ పైకి ఎక్కించారట. అదీ క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో.

అదే కొండ మీద ఒకప్పుడు పెద్ద బలిపీఠం ఉండేది. 1878లో కార్ల్ హూమన్ అనే జర్మన్ ఇంజనీరు తవ్వకాలు మొదలుపెట్టి, దేవతలకూ రాక్షసజాతికీ జరిగిన యుద్ధాన్ని చెక్కిన దాని శిల్పాలను బెర్లిన్‌కు చేర్చాడు. 2014లో ఆ బలిపీఠం ఉన్న మ్యూజియం హాలును మరమ్మతులకు మూసివేయక ముందే నేను దానిని ఇక్కడ చూశాను. ఆనాడు దాని పరిమాణం నన్ను ఆశ్చర్యపరిచింది గానీ, అది ఏ లోయను చూస్తూ నిలబడేదో తెలియదు. ఇప్పుడు కొండ మీద మిగిలింది పునాది మెట్లు, వాటి నడుమ పెరిగిన పైన్ చెట్లు మాత్రమే. గైడు ఫొటోలు చేతికిచ్చి, ఏ శిల్పం ఏ దిక్కుకు ఉండేదో మమ్మల్ని అటు తిప్పి నిలబెట్టి మరీ చెప్పింది. శిల్పం తన చోటు నుంచి కదిలితే అందులో సగం అర్థం పోతుందని నాకు ఆ క్షణంలోనే రూఢి అయింది. అక్కడ మాకు దొరికింది పట్టుమని అరగంట. ఆ మధ్యాహ్నం యాత్ర నడిపే సంస్థవారు మమ్మల్ని ఒక తోలు కోట్ల దుకాణంలో అంతకు రెట్టింపు సేపు కూర్చోబెట్టారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఎఫెసస్‌లో సెల్సస్ గ్రంథాలయం ముఖభాగం ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఒక కొడుకు, రోమన్ గవర్నరుగా చేసిన తన తండ్రి జ్ఞాపకార్థం కట్టించినది. తండ్రి సమాధి కూడా ఆ భవనం కిందనే ఉంది. ఉదయపు వెలుతురు పడేలా తూర్పు ముఖంగా కట్టి, పుస్తకాల చుట్టలకు చెమ్మ తగలకుండా గోడల వెనుక ఖాళీ విడిచారు. ఇరుకు స్థలంలో భవనం విశాలంగా కనిపించాలని మధ్య స్తంభాలకంటే చివరి స్తంభాలను కాస్త పొట్టిగా చేశారు. భూకంపానికి కూలిన ఆ ముఖభాగాన్ని ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు 1970 నుంచి 1978 వరకు శ్రమించి, దొరికిన రాళ్లతోనే తిరిగి నిలబెట్టారు. ఏది పాత రాయి, ఏది ఇప్పటి పూరింపు, ఏ విగ్రహం నకలు అన్నది గైడు ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపించింది. అసలు విగ్రహాలు వియన్నాలో ఉన్నాయి.

హియెరాపోలిస్‌లో ఊటనీటిలోని సున్నం పేరుకుని ఏర్పడిన తెల్లని మెట్ల మీద చెప్పులు విడిచి, గోరువెచ్చని నీటిలో నడిచాము. ఇస్తాంబుల్ గురించి, 537లో చర్చిగా పూర్తయిన హాగియా సోఫియా కట్టడం గురించి మరోసారి రాస్తాను. అది ఒక పేరాలో ఇమిడేది కాదు.

ఇక మన సంగతి. చంద్రగిరి కోటలోని రాజమహల్ మూడు అంతస్తులూ కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో నిలబడ్డాయి. కృష్ణదేవరాయల కథ చెప్పే ముందు పిల్లలను లోపల ఆపి, దూలం లేకుండా పైకప్పు ఎలా ఆగిందో వాళ్లనే అడిగితే బాగుంటుందని నా మనవి. కోటలోని దిగుడుబావి దగ్గర, ఇంతమందికి నీళ్లు ఎక్కడివని అడగవచ్చు. శ్రీకాళహస్తికి వెళ్లినప్పుడు రాజగోపురం 1516లో కట్టించారని చెప్పడంతో పాటు, అది 2010 మే నెలలో కూలిపోయిందనీ, ఇప్పుడు కనిపించేది ఆ తరువాత కట్టినదనీ చెప్పడం అవసరం. పాతదేదో కొత్తదేదో తెలుసుకునే హక్కు పిల్లలకు ఉంది.

అన్నిటికన్నా ముఖ్యంగా గుడిమల్లం తీసుకువెళ్లండి. పరశురామేశ్వరుని లింగం క్రీస్తు పూర్వపుదని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే దాదాపు పెర్గమాన్ బలిపీఠం కాలానిదే. బలిపీఠం శిల్పాలు దేశాలు దాటిపోయాయి. మరుగుజ్జు భుజాల మీద నిలబడిన మన శివుడు మాత్రం ఏర్పేడు దగ్గరి ఆ పల్లెలో, తన గర్భగుడిలోనే ఉన్నాడు. తిరుమల కొండకు వచ్చే లక్షలాది జనంలో అటు తిరిగేవారు బహు కొద్దిమంది. ఆ లింగం తన చోటనే ఉండటం ఎంత అపురూపమో చెప్పగలిగినవారు మన ఇంట్లో మీరే.

సంక్రాంతికి వస్తున్నాను. మీకు వీలైన ఆదివారం చెబితే గుడిమల్లానికి పిల్లలతో పాటు నేనూ వస్తాను. టర్కీలో మా గైడు చేతికిచ్చిన ఫొటోల వంటి బొమ్మల పటాలు మనమే తయారుచేసుకోవచ్చు. ముద్రణ ఖర్చు నాకు వదిలేయండి. రాజమహల్ లోపలి పైకప్పు ఫొటోలు మీ దగ్గర ఉంటే ముందుగా పంపించండి. చిన్నమ్మకు నా నమస్కారాలు, జేజికి పాదాభివందనం తెలియజేయగలరు.

ఇట్లు,
మీ అన్నగారి పెద్ద కూతురు