తమ్ముడికి

ఒరేయ్ తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. డ్యూటీలు మామూలే. మొన్న ఫోన్లో అమ్మ పక్కన ఉందని సగం చెప్పి ఆపేశావు. ఇది ఒక్కడివే చదువుకో.

కుడి కన్ను ఎర్రబడి వారాలవుతోంది, ఏ చుక్కలు వేసినా తగ్గడం లేదన్నావు. పొద్దున రెప్పలు అతుక్కుంటున్నాయి, చెవి ముందు బిళ్ళ కట్టింది. మూత్రానికి వెళ్తే మంట కూడా. నువ్వు వీటిని వేరువేరుగా చూస్తున్నావు. నాకలా అనిపించడం లేదురా. క్లమీడియా అనే సుఖవ్యాధి చేతి ద్వారా కంటికీ పాకుతుంది. మామూలు కళ్ళకలక రెండు మూడు వారాల్లో పోతుంది, ఇది నెలల తరబడి ఉండిపోతుంది. దీనికి చుక్కలు చాలవు, నోటి మాత్రలు పడాలి. గనేరియా అనే మరో సుఖవ్యాధి అయితే చీము ధారగా కారి, రెప్పలు వాచి, నల్లగుడ్డుకు పుండు పడొచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే చూపు పోవచ్చు. అలా కనబడితే తెల్లారేదాకా ఆగకు. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వేసుకోకు, హెర్పిస్ అనే వైరస్ ఉంటే కన్ను ఇంకా పాడవుతుంది.



నేను నిన్నేమీ నిలదీయడం లేదు. ఈ జబ్బు ఏ లక్షణమూ లేకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కన్ను చూసి ఎవరూ చెప్పలేరు, దాని మీద మీరిద్దరూ గొడవపడొద్దు. కానీ మరదలి దగ్గర దాచకు. తను కడుపుతో ఉంది. వైద్యం చేయించకపోతే కాన్పులో బిడ్డ కళ్ళకు అంటుకోవచ్చు, క్లమీడియా అయితే ఊపిరితిత్తులకూ. గర్భంతో వాడదగ్గ మందులున్నాయి, తన డాక్టరే రాస్తారు. నీకు డాక్సీసైక్లిన్ అనే మాత్రలు రాస్తే అవే తనకు ఇవ్వకు. ఒకరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది. ఇద్దరి కోర్సూ అయ్యి, డాక్టరు సరేననేదాకా దూరంగా ఉండండి.

కంటి డాక్టరుకు మూత్రం మంట సంగతి కూడా చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆ వైపు ఆలోచన పోకపోవచ్చు. కంటి స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా), మూత్ర పరీక్ష, సిఫిలిస్ అనే ఇంకో సుఖవ్యాధికీ హెచ్ఐవీకీ రక్త పరీక్ష అన్నీ చేయించుకో. సిఫిలిస్ కూడా కంటి లోపల వాపు తెస్తుంది. సిగ్గుపడకు, వాళ్ళు రోజూ చూసేవే.

డబ్బు సంగతి నాకు వదిలెయ్. నీ టవల్ వేరుగా పెట్టుకో. రేపే వెళ్ళు, రిపోర్టులు రాగానే ఫోటో తీసి పంపు.

అన్నయ్య